రెండున్నర కిలోల బాలామృతానికి ఇన్ని పరీక్షలా? కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు.

నేనొక అంగన్‌వాడీ టీచర్‌ను. తల్లి ముఖం ఫోన్ కెమెరాలో కలిస్తేనే బాలామృతం (చిన్నపిల్లలకు మేమిచ్చే పోషకాహార పొడి) లాంటి సరుకు ఇవ్వాలన్న రూలు మీద మేమిచ్చిన వినతిపత్రాలు మీదాకా వచ్చాయో, దారిలోనే ఏ ఫైలులోనైనా నిద్రపోయాయో తెలియదు. సూపర్‌వైజర్ మేడంకి ఇచ్చాం. ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చాం. యూనియన్ వాళ్లతో కలిసి ధర్నా చేసి ఇచ్చాం. సోమవారం ప్రజావాణిలో లైన్లో నిలబడి ముద్ర వేయించుకుని మరీ ఇచ్చాం. ఎక్కడికెళ్లినా ఒకటే జవాబు: "ఇది సెంటర్ నుంచి వచ్చిన ఆర్డరమ్మా, మా చేతుల్లో ఏం లేదు." సెంటర్ అంటే మీరే కాబట్టి నేరుగా మీకే రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నానని చదవకుండా పక్కన పెట్టకండి. అంగన్‌వాడీ తల్లుల, పిల్లల వివరాలు మేం ఎక్కించే మీ పోషణ్ ట్రాకర్ యాప్ 24 భాషల్లో పనిచేస్తుందని మీ శాఖే చెప్పుకుంటుంది కదా, మీ ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండకపోరు.

ఆ యాప్‌కు ప్రధానమంత్రి అవార్డు వచ్చిందని 2025 ఏప్రిల్‌లో పేపర్లో చూశాం. మా వాట్సాప్ గ్రూపులో పైవాళ్లు చప్పట్ల బొమ్మలు పెట్టారు. మేమూ పెట్టాం. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. ఆ తర్వాత మూడు నెలలు కూడా నిండకముందే, జులై 1 నుంచి ముఖం కలిస్తేనే టేక్ హోమ్ రేషన్, అంటే ఇంటికి ఇచ్చే సరుకు, అన్నారు. అవార్డు మీకు వచ్చింది, పరీక్ష మాకు పెట్టారు.

పంపిణీ రోజు మా సెంటర్ ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెప్తాను. మాది పాలమూరు పక్క తండా. పత్తి ఏరే రోజుల్లో తల్లులు తెల్లారగానే వచ్చి గడపలో కూర్చుంటారు, ఆలస్యమైతే ఆ పూట కూలి పోతుంది. ఒకామె పేరు నొక్కుతాను. కెమెరా తెరుచుకుంటుంది. తెర మీద గుండ్రటి గీత, అందులో ముఖం సరిగ్గా కూర్చోవాలి. కళ్లు ఆర్పమంటుంది. ఆర్పుతుంది. మళ్లీ ఆర్పమంటుంది. గదిలో వెలుతురు చాలడం లేదని బయటికి తీసుకెళ్తే ఎండకు కళ్లు చిట్లిస్తుంది, ముఖం కలవలేదంటుంది. వేపచెట్టు కిందికి వెళ్తే ఆకుల నీడ ముఖమంతా మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఈలోపు చంకలో పిల్లాడు ఫోన్ అందుకోబోతాడు, గీతలోకి రెండో ముఖం వచ్చిందని కథ మళ్లీ మొదటికి. వాడి తిండి కోసమే కదా ఇదంతా, ఆ వాడినే పక్కకు తీయాలి.

"టీచరమ్మా, ఇంకెన్నిసార్లు కండ్లు ఆర్పాలె? నన్ను నువ్వు గుర్తుపడ్తలేవా?" అని ఆమె అడుగుతుంది.

గుర్తుపట్టకేం మంత్రి గారూ? ఆమె కడుపుతో ఉన్నప్పుడు మూడో నెల నుంచి బరువు చూసి రాసింది నేను. నొప్పులొచ్చిన రాత్రి 108కి ఫోన్ చేసింది నేను. వాళ్ల ఇంట్లో ఎవరు తాగుతారో, ఎవరికి ఫిట్స్ వస్తాయో, ఏ పిల్ల గుడ్డు తినకుండా దాచి చెల్లెలికి పట్టుకుపోతుందో కూడా నాకు తెలుసు. ఇన్ని తెలిసిన నేను "ఈమె ఈమే" అంటే చెల్లదు. రెండేళ్లకే బ్యాటరీ ఉబ్బిన ఫోన్ చెప్తే చెల్లుతుంది.

ఆ ఫోన్ దేనితో పోలుస్తోంది? ఆధార్ ఫొటోతో. మా ఆడపిల్లల ఆధార్ ఫొటోలు చాలామందివి బడిలో చదివేటప్పుడు దిగినవి. రెండు జడలు, నిండు చెంపలు. ఇప్పుడు రెండు కాన్పులయ్యాయి, ఒంట్లో రక్తం లేదు, చెంపలు లోపలికి పోయాయి. ఈ పథకం ఉన్నదే ఆ చెంపలు నిండటానికి. చెంపలు పీక్కుపోయాయి కాబట్టి ముఖం కలవదు, ముఖం కలవలేదు కాబట్టి తిండి లేదు! దీన్ని ఢిల్లీలో ఏమంటారో గానీ మా దగ్గర మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

బాలింతల సంగతి ఇంకో కథ. మా వైపు కాన్పయిన మనిషి తలకు గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మూల గదిలో ఉంటుంది. పురుడు తీరేదాకా గడప దాటదు. సరే, నేనే ఇంటికి వెళ్తాను. గది చీకటి. కెమెరాకు వెలుతురు కావాలి. కిటికీ తీయమంటే తీయరు. గుడ్డ కొంచెం పైకి జరపమన్నందుకు ఒక అత్తగారు నా మీద లేచింది: "సల్లగాలి తగిలి సన్నిపాతం వస్తే నీ ఫోను మందు తెస్తదా?" ఏం జవాబు చెప్పను? ఈ పద్ధతి రాసినవాళ్లు ఒక్క బాలింత గదిలోనైనా అడుగుపెట్టి చూశారా అని మాత్రం అనిపించింది.

ముఖం కంటే ముందు ఈ-కేవైసీ ఒకటి ఉంది కదా, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీతో మనిషిని నిర్ధారించేది. ఆ నంబరు ఆమెది కాదు, భర్తది. భర్త పుణెలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. మా పాలమూరు మగవాళ్లు ముంబై, పుణె, బెంగళూరు పోయి కూలి చేస్తే తప్ప ఇక్కడ ఇల్లు గడవదని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పని మీద ఉన్నవాడు ఫోన్ ఎత్తడు. ఎత్తేసరికి ఓటీపీ గడువు అయిపోతుంది. ఎత్తినా నమ్మడు. ఎందుకు నమ్మాలి? మొన్నటిదాకా ఎవరికి ఫోన్ చేసినా రింగుకు ముందు ఒక గొంతు వినిపించేది, సైబర్ మోసగాళ్లున్నారు జాగ్రత్త అని. అదీ సర్కారు చెప్పిందే. పాపం, ఆ పిల్లవాడు సర్కారు మాట విన్నాడు. "అక్కా, నువ్వు టీచర్‌వే అని నాకెట్ల తెలుస్తది? వీడియో కాల్ చెయ్" అన్నాడు. వీడియో కాల్ చేసి నా ముఖం చూపించాను. వెంటనే గుర్తుపట్టాడు. మనిషికి మనిషి అంత తొందరగా దొరుకుతాడు.

కొందరికి ఆ నంబరే లేదు. రీచార్జ్ చేయక సిమ్ పోయింది. నంబరు మార్చుకోవాలంటే మండలంలో ఆధార్ సెంటర్‌కు వెళ్లాలి, ఫీజు 75 రూపాయలు, ఆటో ఖర్చు వేరే, ఆ రోజు కూలి పోయినట్టే. వెళ్లాక సర్వర్ పనిచేస్తే అదృష్టం. ఇదంతా దేనికంటే, నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు. మీరు చంటిపిల్లకు రోజుకు 8 రూపాయలు, గర్భిణికి 9 రూపాయల 50 పైసలు అని ఖరారు చేసింది 2017లో. ఆ 8 రూపాయల కోసం ఆమె ఎంత ఖర్చు పెట్టుకోవాలో లెక్క మీరే వేయండి, మాకు అంత చదువు లేదు.

పెన్షన్ తీసుకునే పెద్ద ఉద్యోగులు బతికే ఉన్నామని ఏడాదికి ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు. మా తండా తల్లి మాత్రం ప్యాకెట్ తీసుకున్న ప్రతిసారీ ముఖం చూపించి నిరూపించుకోవాలి.

దొంగ లెక్కలు ఆపడానికే ఇదంతా అంటారు. ఆపండి, మేం వద్దన్నామా? కానీ దొంగతనం మా గడప దగ్గరే జరుగుతోందని ఎవరు తేల్చారు? గుడ్లు చిన్నవి వస్తే ఏ కెమెరా చూస్తోంది? మురిగినవి వస్తే? నెల సరుకు నెలాఖరుకు దిగితే? కాంట్రాక్టర్ కూడా గుడ్ల ట్రే పక్కన నిలబడి రెండుసార్లు కళ్లు ఆర్పితేనే బిల్లు పాస్ అవుతుందని ఒక ఆర్డర్ ఇచ్చి చూడండి, మేమూ చప్పట్ల బొమ్మలు మనస్ఫూర్తిగా పెడతాం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది ఈ వరస. అనుమానం మా మీదా, ఆ తల్లుల మీదా. పైన ఉన్నవాళ్లందరి ముఖాలూ చూడకుండానే కలిసిపోతాయి కాబోలు.

2013 ఆహార భద్రతా చట్టంలో గర్భిణికి, బాలింతకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఈ తిండి హక్కు అని రాశారు. 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు, అథెంటికేషన్ ఫెయిలైందని అర్హులకు పథకం ఆపకూడదని చెప్పింది. ఇవి నాకంటే మీకు బాగా తెలుసు. మరి ముఖం కలవనివాళ్లను ఏం చేయాలని మీటింగులో అడిగితే "మళ్లీ ట్రై చేయండి" అంటారు. ఎన్నాళ్లు? "అయ్యేదాకా." రాతపూర్వకంగా ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. ముఖం కలవకుండా సరుకు ఇస్తే మా మీద మెమో, ఇవ్వకపోతే తల్లుల తిట్లు. సాయంత్రం గ్రూపులో మాత్రం లిస్టు వస్తుంది, ఎవరి సెంటర్‌లో ఎంత శాతం అయిందో, వెనకబడినవాళ్ల పేర్లు ఎర్ర రంగులో. బరువు తగ్గిన పిల్లల పేర్లు ఎర్ర రంగులో వచ్చిన రోజులు కూడా ఉండేవి మేడం. ఇప్పుడు మా పేర్లు వస్తున్నాయి.

ఇక చదువు. "పోషణ్ భీ పఢాయీ భీ", అంటే పోషణా చదువూ రెండూ అని మాకు ట్రైనింగ్ ఇచ్చారు. బొమ్మలతో, పాటలతో ఎలా నేర్పాలో చెప్పారు. నిజంగా బాగుంది, నాకు నచ్చింది. కానీ రోజులో సగం ఫోన్ భీ అని అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. నేను చెట్టు కింద సిగ్నల్ వెతుక్కుంటుంటే లోపల మూడేళ్ల పిల్లలను ఆయా ఒక్కతే చూసుకుంటుంది, ఒక కన్ను పిల్లల మీద, ఇంకో కన్ను పొయ్యి మీద. రాష్ట్రం యాప్ వేరు, మీ యాప్ వేరు. అవి కాక రిజిస్టర్లు రాయాల్సిందే, ఎందుకంటే తనిఖీకి వచ్చినవాళ్లు యాప్‌ను నమ్మరు!

జీతం మాట ఎత్తకూడదనుకున్నాను. కానీ ఎత్తకపోతే మీకు గుర్తుకు రాదేమో. మీరు మా గౌరవ వేతనం 3,000 నుంచి 4,500కు పెంచింది 2018 అక్టోబరులో. అందులో మీ వాటా 60 శాతం, అంటే 2,700 రూపాయలు. మిగతాది రాష్ట్రం కలిపితే మా ఇల్లు గడుస్తోంది. అప్పటి నుంచి యాప్ ఎన్నిసార్లు అప్‌డేట్ అయిందో లెక్కలేదు, ఆ అంకె మాత్రం ఒక్కసారి కూడా అప్‌డేట్ కాలేదు. మేం గ్రాట్యుటీకి అర్హులమని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. దాన్ని అమలు చేయడానికి ఏ యాప్ రాలేదు. మా అంగన్‌వాడీలు నడిచే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబరు 2న, 33 బ్లాకుల్లో. నలభై ఏళ్లకు పైగా కాగితం మీద, మనిషి మాట మీద నడిచింది. లోపాలు లేవని అనను, ఉన్నాయి. కానీ తల్లి కళ్లు సరిగ్గా ఆర్పలేదని పిల్లాడి ప్యాకెట్ ఆపిన రోజులు మాత్రం లేవు.

మంత్రి గారూ, టెక్నాలజీ వద్దని మేం అనడం లేదు. అలా అన్నామని రేపు ఎవరో ఒకరు మీకు చెప్తారు, నమ్మకండి. బరువు, ఎత్తు నమోదు చేస్తే ఎదుగుదల పట్టికలో పిల్ల ఏ గీతలో ఉందో ఫోన్ చూపిస్తుంది, అది మాకు పనికొస్తోంది. ముఖం కలవనప్పుడు రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుని సరుకు ఇవ్వొచ్చని ఒక్క కాగితం ఇవ్వండి. తెలుగులో అక్కర్లేదు, హిందీలో ఇచ్చినా చదివించుకుంటాం. ఫోన్లు మార్చండి. మార్చలేకపోతే ఆ ఎర్ర రంగు లిస్టు అన్నా ఆపండి. ముఖం సంగతి మాత్రం ముందు చూడండి. చూస్తామని కాదు, చూడండి.

మా సెంటర్ సరుకు గదిలో ఇప్పటికి రెండు ప్యాకెట్లు మిగిలిపోయి ఉన్నాయి. ఒకటి పుణె పోయినతని భార్యది. ఇంకోటి ఆ తలగుడ్డ బాలింత పెద్ద పిల్లది, దానికి రెండేళ్లు, బరువు తక్కువ గీతలో ఉంది. ప్యాకెట్ల మీద గడువు తేదీ ఉంటుంది కదా, దగ్గర పడుతోంది. యాప్‌లో ఇద్దరి పేర్ల పక్కనా "పెండింగ్" అని ఉంది. ఇవ్వమంటారా, వద్దంటారా? ఇవ్వమంటే ఏ రూలు కింద ఇచ్చానని రాయాలో కూడా దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్,
పాలమూరు, తెలంగాణ