ఉమ్మడి గోడ

బ్ర్నో నుంచి,
ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోన్‌లో అడిగావు కదా, "మీ చెక్‌లూ స్లొవాక్‌లూ కొట్టుకోకుండా ఎలా విడిపోయార్రా?" అని. అప్పుడు ట్రామ్‌లో నిలబడి ఉన్నాను, రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. అప్పట్నుంచీ మనసు ఊరుకోవట్లేదు. చెకోస్లొవాకియా రెండు దేశాలైన ఆ కథ ఎవరు చెప్పినా చెక్‌ల నాయకుడు వాత్స్లావ్ క్లౌస్, స్లొవాక్‌ల నాయకుడు వ్లాదిమీర్ మెచియార్ అని ఇద్దరి పేర్లే చెబుతారు. నాకు మాత్రం మూడో మనిషి గురించి నీకు చెప్పాలని ఉంది. ఆయన పేరు పెత్ర్ పిట్‌హార్ట్. 1990 ఫిబ్రవరి నుంచి 1992 జూలై మొదటి వారం దాకా చెక్ ప్రధాని. ఉమ్మడి దేశానికి వేరే ప్రధాని ఉండేవాడు కాబట్టి మన లెక్కలో ముఖ్యమంత్రి లాంటి హోదా అనుకో. కానీ ఇక్కడ ప్రధాని అనే అంటారు.

ముందు మనిషి గురించి చెబుతాను. 1941లో క్లాద్నోలో పుట్టాడు. ప్రాగ్ పక్కనే, ఉక్కు కొలిముల ఊరు. లా చదివాడు, పంతొమ్మిదేళ్ళకే కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1968లో ఇక్కడ మొదలైన సంస్కరణల్ని అణచడానికి సోవియట్ ట్యాంకులు దిగాయి, ఆ ఏడే పార్టీ నుంచి బయటికొచ్చేశాడు. తర్వాత స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. అక్కడే ఉండిపోతే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. వెనక్కొచ్చాడు. వచ్చినందుకు యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళు కూలిపని, కొన్నాళ్ళు ఓ కంపెనీలో లాయరు పని. మానవ హక్కుల గురించి మీరే సంతకం పెట్టారు కదా, ఆ మాట నిలబెట్టుకోండి అని ప్రభుత్వాన్ని అడిగిన పత్రం చార్టర్ 77. దాని మీద సంతకం పెట్టాడు, ఆ లాయరు పనీ పోయింది. అప్పుడు తోటమాలిగా చేరాడు. సాయంత్రాలు కూర్చుని 1968 గురించి ఓ పుస్తకం రాశాడు, మారుపేరుతో విదేశంలో అచ్చయింది. అందులో రష్యావాళ్ళని తిట్టి ఊరుకోలేదు. మనవాళ్ళు ఎక్కడ తప్పటడుగు వేశారు, అందులో నా వంతు ఎంత అని అడిగాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

1989 నవంబర్‌లో జనం వీధుల్లోకి రావడంతో కమ్యూనిస్టు పాలన కూలింది. చార్టర్ 77 వాళ్ళలో ముఖ్యుడైన నాటక రచయిత వాత్స్లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యాడు. కొన్ని వారాలకే మన తోటమాలి ప్రధాని అయ్యాడు.

ఇక గొడవ ఎక్కడ మొదలైందో తెలుసా? ఓ చిన్న గీత దగ్గర. దేశం పేరులోంచి "సోషలిస్టు" తీసేద్దాం అన్నాడు హావెల్. అయితే చెక్‌కీ స్లొవాక్‌కీ మధ్య గీత పెట్టండి, మా పేరు విడిగా కనబడాలి అన్నారు స్లొవాక్‌లు. వారాల తరబడి పార్లమెంటులో ఆ గీత గురించే వాదన. బయటినుంచి చూస్తే చిల్లర తగువులా కనబడుతుంది. కానీ శ్రీనూ, మనం పుట్టి పెరిగిన చోట విడిపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళం. ఇలాంటి గీత వెనక ఎన్నేళ్ళ ఉక్రోషం ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

దాని కింద అన్నం ప్రశ్న కూడా ఉంది. ఆయుధాల ఫ్యాక్టరీలూ భారీ పరిశ్రమలూ స్లొవాకియాలో చాలా ఉండేవి. మార్కెట్ సంస్కరణలు రాగానే అవి దెబ్బతిన్నాయి. 1991 చివరికి అక్కడ నిరుద్యోగం చెక్ వైపు కంటే దాదాపు మూడు రెట్లు. ప్రాగ్‌లో కూర్చుని "కొంచెం ఓపిక పట్టండి" అంటే ఎవరు వింటారు?

పిట్‌హార్ట్ విన్నాడు. అదే ఆయన చేసిన పని, అదే ఆయన మీద పడ్డ నింద కూడా. స్లొవాక్‌లకి మరీ లొంగిపోతున్నాడని చెక్ పేపర్లు ఏకిపారేశాయి. ఆయన ఏమన్నాడంటే, ఒకే కప్పు కింద ఇమడలేకపోతే జంట ఇల్లు కట్టుకుందాం, ఎవరి గుమ్మం వాళ్ళది, మధ్య గోడ మాత్రం ఉమ్మడి. ఈ మాట చదివినప్పుడు నాకు మా ఊరి బావి గుర్తొచ్చింది. మా నాన్నా పెదనాన్నా వేరుపడ్డప్పుడు పెరట్లో గోడ కట్టారు కదా. బావి దగ్గరికొచ్చేసరికి ఆ గోడని బావి మీదుగా సగానికి లేపి, ఇటో గిలక అటో గిలక పెట్టించారు. నువ్వూ నేనూ ఇటునుంచి చేద వేస్తే, అటునుంచి మా అక్క చేద వచ్చి తగిలేది.

ఆయన జంట ఇల్లు మాత్రం లేవలేదు. 1992 ఫిబ్రవరిలో మిలోవీ అనే చిన్న ఊళ్ళో రెండు వైపుల వాళ్ళూ కూర్చుని ఒప్పందం ముసాయిదా తయారుచేశారు. అది స్లొవాక్ సభ అధ్యక్షవర్గం ముందుకెళ్తే పదిమంది అటు, పదిమంది ఇటు. వీగిపోయింది. ఒక్క ఓటు, శ్రీనూ! అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఉసూరుమంటుంది. నిజం చెప్పాలంటే ఆయనలోనూ లోటుంది. చర్చ మీద చర్చ పెట్టాడు తప్ప, దాని అవసరం ఏమిటో తన జనానికి వేడిగా చెప్పలేకపోయాడు. జూన్ ఎన్నికల్లో ఆయన పార్టీకి 5 శాతం ఓట్లు కూడా రాలేదు, ఒక్క సీటూ దక్కలేదు. గెలిచిన క్లౌస్, మెచియార్ ఆగస్టు 26న ఇక్కడే మా బ్ర్నోలో, టుగెంధాట్ విల్లా తోటలో చెట్టు కింద కూర్చుని తేదీతో సహా తేల్చేశారు. 1993 జనవరి 1కి రెండు దేశాలు. రెఫరెండం లేదు. ఆస్తులు చెక్‌లకి రెండు వంతులు, స్లొవాక్‌లకి ఒక వంతు లెక్కన పంచుకున్నారు. పాత దేశం గుర్తులు ఇద్దరూ వాడకూడదని చట్టం చేసుకుని కూడా జెండా మాత్రం చెక్‌లు ఉంచేసుకున్నారు.

తర్వాత ఆయన పాఠాలు చెప్పుకున్నాడు. 1996లో చెక్ పార్లమెంటు ఎగువ సభ సెనెట్ మొదలైతే దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. 2003లో దేశాధ్యక్ష పదవికి క్లౌస్ మీద నిలబడ్డాడు. ఆ మొదటి విడతలో ఎవరూ గెలవలేదు, మూడో విడతలో క్లౌస్ గెలిచాడు. పిట్‌హార్ట్ మాత్రం 2012 దాకా ఖ్రుదిమ్ అనే ఊరి తరఫున సెనెటర్‌గానే ఉన్నాడు.

మా ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి స్లొవాక్. వాడు స్లొవాక్‌లో మాట్లాడతాడు, మిగతావాళ్ళు చెక్‌లో జవాబిస్తారు, ఎవరూ భాష మార్చుకోరు. వాడి ఊరెళ్ళే దారిలో సరిహద్దు దగ్గర బండి ఆపక్కర్లేదు కూడా. వాడు అటు పిలిచినప్పుడల్లా నాకు పిట్‌హార్టే గుర్తొస్తాడు.

పండక్కి ఊరెళ్తున్నానన్నావు కదా. మా పెరట్లోకి ఓసారి వెళ్ళి ఆ బావి ఫోటో తీసి పంపరా. రెండో గిలక ఇంకా ఉందో లేదో చూడు.

నీ
రవి