దాయాదుల గట్టు తగాదా

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం అందిన నాలుగు నెలలకు జవాబు రాస్తున్నాను. తిట్టదలచుకుంటే పూర్తిగా చదివాక తిట్టు. సాల్ట్ లేక్ సిటీలో అందరం కులాసా, పాప మూడో తరగతికి వచ్చింది, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి.

పోయిన వారం నెవాడాలోని గ్రేట్ బేసిన్ జాతీయ వనానికి వెళ్లాం. 3,982 మీటర్ల వీలర్ శిఖరాన్ని చూడాలని బయలుదేరిన నేను, ఆ కొండవాలు మీద ఒక బండపై కూర్చుని రెండు గంటలసేపు చిప్‌మంకుల తగాదా చూస్తూ ఉండిపోయాను. చిప్‌మంక్ మన ఉడుత లాంటిదే, కాకపోతే రాముడు దువ్విన చారలు దీనికి ముఖం దాకా పాకాయి. అక్కడ రెండు జాతులు దాయాదుల్లా కొండను పంచుకున్నాయి. పిన్యన్ పైన్, జూనిపర్ చెట్లు దూరదూరంగా ఉండే కింది ఎండు వాలు క్లిఫ్ చిప్‌మంక్‌ది. కొమ్మలు పెనవేసుకున్న పై అడవి యూయింటా చిప్‌మంక్‌ది. వీపు చారలు మాసిపోయినట్టుండే ఆ బూడిదరంగు క్లిఫ్ మహా కోపిష్టి. నా కళ్లముందే అది రెండోదాన్ని తరిమింది. రెండోది చెట్టెక్కి, పక్క చెట్టు కొమ్మ మీదికి దాటి, తాపీగా గింజ ఒలుచుకుంది. కిందనున్నది తోక ఆడిస్తూ అరుస్తూనే ఉంది.

నాకు వెంటనే నువ్వే గుర్తుకొచ్చావు. వేపచెట్టు, కోతి, చపాతీల డబ్బా, ఇంతకన్నా రాయను.

జేమ్స్ బ్రౌన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతపు కొండల మీదే వీటిని గమనించి 1971లో కారణం రాశాడు. చెట్లు దూరంగా ఉన్నచోట యూయింటా నేల మీద పరుగెత్తక తప్పదు, నేల మీద క్లిఫ్‌దే పైచేయి. దట్టమైన అడవిలో మాత్రం యూయింటా కొమ్మల మీదుగా జారుకుంటుంది; క్లిఫ్ ఊరికే తరుముతూ, తిండికి వెచ్చించాల్సిన పొద్దూ శక్తీ వృథా చేసుకుని, చివరికి చోటే కోల్పోతుంది. కోపమే కింద దానికి ఆస్తి, పైన అదే అప్పు! ఇంకా విను: వీటిలో ఒక్క జాతే ఉన్న కొండల మీద అది కింది చెట్లనూ పై అడవినీ రెంటినీ ఏలుతోందట. అంటే ఎండా చలీ గీసిందని మనం అనుకునే ఆ గీతను నిజానికి పక్కవాడే...

మా పెదనాన్న గారి పొలం గట్టు గుర్తుందా? ఆయన పోయాక ఆ గట్టు ఎంత జరిగిందో చూశావు కదా. దాని గురించి వేరే ఉత్తరంలో రాస్తాను, ఇప్పుడు మనసు రావడం లేదు.

అయ్యో, పాప స్కూలు బస్సు మలుపు తిరిగింది. ఫోటోలు తరువాత పంపుతాను.

నీ
శేఖర్