హనోయ్ బొమ్మలు, ఆదివారం మైపాడు

అందరికీ నమస్కారం. వియత్నాంలోని హనోయ్ పాత బజారులో వేసిన స్కెచ్‌లు పైన పెట్టాను, చూడండి. అక్కడ పేవ్‌మెంట్ మీదే పొట్టి ప్లాస్టిక్ స్టూళ్లేసుకుని జనం ఫో (అక్కడి నూడుల్స్ సూప్) తింటూ, కాఫీ తాగుతూ ఉంటారు. మనమూ ఒక స్టూలు లాక్కుని కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. మనుషులు కదిలిపోతారు కాబట్టి ముందు వాళ్లను నాలుగు గీతల్లో పట్టేయాలి. గోడలూ బోర్డులూ ఎక్కడికీ పోవు, తర్వాత వేసుకోవచ్చు. ఇంకు మాత్రం వాటర్‌ప్రూఫ్‌దే కొనండి, లేదంటే రంగు తగలగానే గీతంతా చెదిరిపోతుంది. తేమకు వాటర్‌కలర్ తొందరగా ఆరదు, మన సముద్రం ఒడ్డునా అదే తంటా.

ఈ ఆదివారం పొద్దున 6కి మైపాడు బీచ్‌లో బొమ్మలు వేయడానికి కలుద్దాం. సూర్యోదయం వద్దు, అది అందరూ ఫోన్లో తీసేదే! వలలు సర్దుకునే వాళ్లను ఒక మాట అడిగి వేయండి. ఎవరెవరు వస్తారో శుక్రవారంలోపు చెప్పండి, నెల్లూరు నుంచి ఆటో మాట్లాడాలి.