ఆ పుల్లలు ఏ చెట్టువో చెప్పేవాళ్ళు మీ సంస్థలో ఒక్కరైనా ఉన్నారా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీరు పెంపుడు జంతువుల కోసం అమ్మిన 'నమలడానికి సహజ చెక్క పుల్లలు' గురించి నేను అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

అయ్యా,

పుల్లలు తక్కువొచ్చాయనో, విరిగాయనో ఈ ఉత్తరం రాయడం లేదు. డబ్బు కూడా పెద్ద మొత్తం కాదు. ఒక మాట అడిగితే మీవాళ్ళు నన్ను ఎన్ని గుమ్మాలు ఎక్కించి దించారో మీకు తెలియాలని రాస్తున్నాను.

మా ఇంట్లో గినీ పిగ్‌లు (పేరుకే పిగ్‌లు, నిజానికి ఎలుకల జాతి చిన్న ప్రాణులు) రెండున్నాయి, బఠానీ, బెల్లం అని. వాటి పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి గడ్డీ చెక్కా కొరుక్కుంటూ అరగదీసుకోవాలి. మీ ప్యాకెట్ విప్పగానే ఫ్లోర్ క్లీనర్ లాంటి ఘాటు వాసన గుప్పుమంది. వెనక్కి తిప్పి చూస్తే 'నూటికి నూరు శాతం సహజ చెక్క' అని ఉంది తప్ప చెట్టు పేరు లేదు. గన్నేరు కూడా సహజమేనండీ! దాన్ని ఏ జంతువు నోట్లోనైనా పెడతామా? దేవదారు, పచ్చి పైన్ లాంటి ఘాటు చెక్కలు ఇలాంటి చిన్న ప్రాణులకు పడవు. అందుకే ఇది ఏ చెట్టు, దీనికి రంగు, వార్నిష్, పురుగుమందు లాంటివి ఏమైనా తగిలాయా అని అడిగాను. అంతే.

మొదట మీ చాట్‌లో అడిగాను. 'మీ బాధ నాకు అర్థమైంది' అని వెంటనే జవాబొచ్చింది, నేనింకా బాధేమిటో టైప్ చేయనే లేదు. తర్వాత ఫోన్ చేశాను. పాట పూర్తిగా వినిపించాక ఒకబ్బాయి ఎత్తి 'మీ డాగ్ ఏ బ్రీడ్ మేడమ్?' అన్నాడు. కుక్క కాదు నాయనా, గినీ పిగ్ అన్నాను. 'సారీ మేడమ్, పిగ్స్‌కి మా దగ్గర ప్రొడక్ట్స్ లేవు' అని పెట్టేశాడు. మీ సైటులో వాటికో ప్రత్యేక పేజీ ఉంది, ఆ అబ్బాయికి ఒకసారి చూపించండి.

మళ్ళీ చేస్తే ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. చెక్క అనగానే లైన్ వేరేచోటికి కలిపింది. అక్కడాయన కుక్కల గూళ్ళు బిగించే విభాగమట. 'బిగించడానికి మనిషిని ఎప్పుడు పంపమంటారు?' అని అడిగాడు. పుల్లని బిగించడానికి మనిషి! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూపర్‌వైజర్‌కి ఇమ్మంటే 'మీటింగ్‌లో ఉన్నారు, కాల్ బ్యాక్ చేస్తారు' అన్నారు. ఆ మీటింగ్ ఇంకా అయిపోయినట్టు లేదు.

మెయిల్ పెడితే, మరుసటి రోజు పొద్దున్నే 'మీ సమస్య పరిష్కారమైంది, ఐదు స్టార్లు ఇవ్వండి' అని వచ్చింది, పిల్లుల ఇసుక మీద 50 రూపాయల కూపన్‌తో సహా. మా ఇంట్లో పిల్లి లేదు. గినీ పిగ్‌లున్న ఇంటికి పిల్లిని తెచ్చుకోమని సలహా ఏమో మరి.

లాక్‌డౌన్ రోజుల నుంచీ గడ్డి, పెల్లెట్లు, నీళ్ళ సీసాలు, రెండంతస్తుల పంజరం అన్నీ మీ దగ్గరే కొన్నాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు చెప్పి ఎంతమంది చేత ఆర్డర్లు పెట్టించానో నాకు తెలుసు. మీకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. డబ్బు కట్టేటప్పుడు నా పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజుతో సహా మీకు గుర్తుంటాయి. ప్రశ్న అడిగితే మాత్రం ప్రతిసారీ 'మీ ఆర్డర్ నంబర్ చెప్పండి మేడమ్' దగ్గర మొదలు.

మీ ప్యాకెట్ మూతికట్టి అటక మీద పెట్టేశాను. ఇప్పుడు పక్కింటి పిన్నిగారి జామచెట్టు కొమ్మలే నడుస్తున్నాయి. ఆవిడ చెట్టుకి మందు కొట్టరు. కొమ్మ కడిగి, ఎండలో ఆరబెట్టి ఇస్తే బెల్లం ముందు బెరడు వలుచుకు తిని, తర్వాత పుల్ల పని పడుతుంది. ఆ చెట్టు గురించి అడిగితే పిన్నిగారు ఎప్పుడు నాటారో కూడా చెబుతారు. మీరేమో ఇంత పెద్ద ఆఫీసు పెట్టుకుని చెట్టు పేరు చెప్పలేకపోయారు.

డబ్బు వెనక్కిస్తారో, రాతపూర్వకంగా జవాబిస్తారో, నాతో అలా మాట్లాడినవాళ్ళ చేత ఫోన్ చేయిస్తారో మీ ఇష్టం, ఏదో ఒకటి చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫిర్యాదుల అధికారి పేరు సైటులో కనబడేలా పెట్టాలి కూడా. మీ సైటంతా వెతికాను, దొరకలేదు. ఆయన కూడా అదే మీటింగ్‌లో ఉన్నారేమో.

ఈసారి కూడా కూపనే వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ మెయిళ్ళు, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి ఉంచాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా పెడతాను. అక్కడ మాత్రం అందరూ వెంటనే జవాబిస్తారు.

ఇట్లు,
ఇప్పటిదాకా మీ కస్టమర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్