ఒక్క ఆకుతో ఆఫ్రికన్ వయొలెట్: పిన్నికి ఉత్తరం

హనోవర్,
అక్టోబరు 8.

పిన్నికి నమస్కారాలు,

ఇక్కడ అందరం కులాసా. బాబాయి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం.

ఫోటోలో చూసిన ఊదా పూల మొక్కవి రెండాకులు, సంక్రాంతికి వచ్చేవాళ్ల పెట్టెలో పెట్టి పంపమన్నావు. అదొక్కటి కుదరదు పిన్నీ. మొక్కైనా, ఆకైనా ఇండియాలోకి తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అక్కడి దిగుమతి పర్మిట్టు, ఇక్కడి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. రెండాకుల కోసం వాళ్లని ఎయిర్‌పోర్టులో నిలబెట్టడం ఎందుకు? రాజమండ్రిలో ఉన్నదానివి, కడియం వెళ్లి ‘ఆఫ్రికన్ వయొలెట్’ అని అడుగు. లేదంటే తెప్పించమను. ఒక్క మొక్క కొంటే చాలు, మిగతావన్నీ దాని ఆకుల్లోంచే వస్తాయి. కొనేదేదో ఈ నెలలోనే కొను. దీనికి 20 నుంచి 27 డిగ్రీల మధ్య హాయి. మీ దగ్గర అంత చల్లగా ఉండేది కార్తీకం నుంచి మాఘం దాకానే. ఫాల్గుణంలో నాటిన ఆకు వేరు పట్టేలోపే ఎండలు ముదురుతాయి.

ఈ పువ్వుకీ మా ఊరికీ చుట్టరికం ఉంది. తూర్పు ఆఫ్రికాలో ఉసాంబారా కొండలు దీని పుట్టిల్లు. ఇప్పుడది టాంజానియా, అప్పట్లో జర్మన్ల ఏలుబడిలో ఉండేది. అక్కడి జిల్లా అధికారి వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ 1892లో జర్మనీలో ఉన్న తండ్రికి విత్తనాలు పంపాడు. అవి ఇక్కడి హెరెన్‌హౌజెన్ తోటలకు చేరాయి. తోటల పెద్ద హెర్మన్ వెండ్లాండ్ 1893లో ఆ ఇంటిపేరు మీదే దీనికి సెయింట్‌పాలియా అని శాస్త్రనామం పెట్టాడు. కొండల్లో ఇది చెట్ల నీడన, రాతి సందుల్లో, నాచు పట్టిన వేలెడు మట్టిలో బతుకుతుంది. తేమకి లోటుండదు, కానీ వేళ్ల చుట్టూ నీళ్లు నిలవవు. ఇదొక్కటి మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ ఎందుకో నీకే తెలుస్తుంది.

రణపాల ఆకు ఎక్కడ పడేసినా అంచు గాట్లలోంచి పిల్లలు పుట్టడం చూసే ఉంటావు. ఆ గాట్లలో మొగ్గలు ముందే ఉంటాయి. వయొలెట్ ఆకులో అలాంటి మొగ్గలేవీ లేవు. కాడ కోసిన చోట ఉన్న మామూలు కణాలే మళ్లీ విభజన మొదలుపెట్టి ముందు వేరు, ఆ తర్వాత మొక్క తయారుచేస్తాయి. అందుకే నెలలు పడుతుంది. అన్నాళ్లూ ఆ ఆకు తన ఒంట్లో ఉన్న నీటితో నెట్టుకురావాలి. ఆకు కాస్త వాలిందనగానే మనవాళ్లు చెంబుతో నీళ్లు పోస్తారు. వేరే లేనిది తాగేదెలా? ఆ నీళ్లు కోతని కుళ్లబెడతాయి. దానికి కావలసింది పైన గాలిలో తేమ, కింద కాడకి గాలి.

ముందు ఆకు సంగతి. మొక్కని పైనుంచి చూస్తే ఆకులు వరసలు వరసలుగా, గుండ్రంగా కనిపిస్తాయి. అన్నిటికన్నా కింది వరస ముసలిది, పిల్లలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. నడిమధ్యవి లేతవి, వాటిని తుంచితే మొక్క పెరుగుదలే దెబ్బతింటుంది. బయటినుంచి రెండో వరసలోనో మూడో వరసలోనో పూర్తిగా ఎదిగి, బిరుసుగా, మచ్చ లేకుండా ఉన్న ఆకు తీసుకో. కాడని మొదట్లో పట్టుకుని పక్కకి వంచితే టప్పుమని వస్తుంది. తల్లి మొక్క మీద మోడు మిగల్చకు, అక్కణ్ణుంచే కుళ్లు మొదలవుతుంది.

ఆకు తీసేముందు తల్లిని తిప్పి చూడు. కాడల సందుల్లో తెల్లటి దూది పింజల్లా ఉంటే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేసి, రెండు వారాలు పోయాక మళ్లీ చూసి, అప్పుడు ఆకు తియ్యి. నడిమి ఆకులు గిడసబారి, బూడిదరంగు నూగుతో, ముట్టుకుంటే విరిగేలా ఉంటే అది కంటికి కనపడని నల్లి. ఆ మొక్క నుంచి ఆకు తీసుకోవద్దు. నన్నడిగితే ఆ మొక్కే ఇంట్లో ఉండకూడదు.

కొత్త బ్లేడుని స్పిరిట్‌తో తుడిచి, కాడని మూడు సెంటీమీటర్లు ఉంచి ఏటవాలుగా కొయ్యి. కత్తెర వద్దు, కాడని నలిపేస్తుంది. ఏటవాలు ముఖం ఆకు పైభాగం వైపు ఉండాలి, అప్పుడు పిల్లలు ఆకు ముందువైపు వస్తాయి. తర్వాత ఆకు కొసన మూడోవంతు అడ్డంగా కోసెయ్యి. చూడ్డానికి బాధగానే ఉంటుంది, కానీ అలా కొయ్యకపోతే కొన్ని ఆకులు పిల్లల్ని పెట్టడం మానేసి తామే పెరుగుతూ కూర్చుంటాయి. కోత తడి ఆరేదాకా పది పదిహేను నిమిషాలు ఆరనిస్తే చాలు. వేరు పొడి అని అమ్మేది ముట్టుకోకు. అందులో ఉండే ఆక్సిన్ అనే హార్మోను వేరుని తోస్తుంది గానీ మొలకని వెనక్కి లాగుతుంది. ఇది వేరు విషయంలో బద్ధకించే మొక్క కాదు.

మట్టి అసలు వద్దు. కొబ్బరి పీచు పొడి (కోకోపీట్) ఒక పాలు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు ఒక పాలు, అంతే. మీ దగ్గర దొరికే కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పల్చటి గుడ్డలో వేసి పిండి, మళ్లీ నీళ్లు పోసి మూడుసార్లు కడుగు. కడగని పీటులో కాడ కొస నల్లబడిపోతుంది, మనం ఆకుది తప్పనుకుంటాం. కలిపిన దాన్ని గుప్పెట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే పళ్లెంలో పరిచి ఆరబెట్టు.

టీ కాగితపు కప్పు అడుగున నాలుగు చిల్లులు పొడిచి మిశ్రమం నింపు. నొక్కకు. పెన్సిల్‌తో గుంట చేసి కాడ సెంటీమీటరున్నర లోతుకి మించకుండా దింపు. లోతుగా పాతితే పిల్లలు పైకి రాలేవు. ఆకుని కొంచెం వెనక్కి వాల్చి కప్పు అంచుకి ఆనించు. కప్పు మీద రకం పేరు, తారీఖు రాయి. నాలుగైదు కప్పులయ్యాక ఏది ఏదో ఎవరికీ గుర్తుండదు.

కప్పుల్ని స్వీటు షాపు వాళ్లిచ్చే పారదర్శకపు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వెయ్యి. మూత లోపల సన్నగా ఆవిరి పట్టి ఉంటే సరిగ్గా ఉన్నట్టు. బొట్లు కారి ఆకు మీద పడుతుంటే మూత తీసి తుడిచి, గంటసేపు అలా వదిలెయ్యి. తూర్పు కిటికీలో పల్చటి కర్టెను వెనకాల వెలుతురు చాలు. నేరుగా ఎండ తగిలిందా, మూసిన డబ్బాలో నిమిషాల్లో ఆకు ఉడికిపోతుంది. ఇక్కడ డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు కాబట్టి ఎల్ఈడీ దీపం కింద పన్నెండు గంటలు పెట్టాలి. మీకు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఇక ముట్టుకోకు. వేరు పట్టిందా అని లాగి చూడటం మన ఇళ్లలో ఉన్న జబ్బు. సన్నటి వేళ్లు అలా లాగడంతోనే తెగుతాయి. మూడు నాలుగు వారాలకి వేళ్లు వస్తాయి, ఆరు నుంచి పది వారాల మధ్య కాడ మొదట్లో మినపగింజంత ఆకులు పైకొస్తాయి. అప్పటిదాకా ఎరువు వద్దు. మిశ్రమం పైపొర రంగు తేలిపోతే కప్పు అంచు వెంట రెండు చెంచాల నీళ్లు పొయ్యి, అదీ గదిలో నిలవ ఉన్న నీళ్లే. ఫ్రిజ్ నీళ్లు ఆకు మీద పడితే పసుప్పచ్చని వలయాలు పడతాయి, జన్మలో పోవు.

చెడిపోవడంలోనూ తేడాలున్నాయి. కాడ గాజులా మెత్తబడి గోధుమరంగుకి తిరిగిందంటే తడి ఎక్కువైంది. ఆకు ఇంకా పచ్చగా ఉంటే బయటికి తీసి, కోతలో ఎక్కడా గోధుమరంగు కనపడనంత వరకూ పైకి కోసుకుంటూ పో. కాడ మొత్తం పోయినా ఫరవాలేదు. ఆకు కింది అంచునే అర సెంటీమీటరు లోతున కొత్త మిశ్రమంలో నాటు, నడిమి ఈనె దగ్గర పిల్లలు వస్తాయి. ఆకు మీద బూడిదరంగు బూజు లేస్తే గాలి ఆడటం లేదు. బూజు పట్టిన కప్పు తీసేసి, మిగతావాటికి మూత ఓరగా పెట్టు. చిన్న నల్లటి ఈగలు ఎగురుతుంటే అదీ తడి ఎక్కువైన గుర్తే. ఆకు నిక్కబొడుచుకుని నిగనిగలాడుతూ నాలుగు నెలలైనా పిల్ల జాడ లేకపోతే వెలుతురైనా తక్కువ, లోతైనా ఎక్కువ. తీసి, కాడని ఒకటిన్నర సెంటీమీటరుకి కుదించి మళ్లీ నాటు.

నీళ్ల సీసాలో నిలబెట్టినా వేళ్లు వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నీళ్లలో పుట్టిన వేళ్లు పెళుసు. మిశ్రమంలోకి మార్చేటప్పుడు చాలావరకు విరిగి, పని మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లల్ని విడదీయడానికి తొందరపడకు. వాటి ఆకులు తల్లి ఆకులో మూడోవంతుకి రావాలి, సుమారు నాలుగు నెలలు. కప్పు చింపి ముద్దనంతా గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టు. మిశ్రమం జారిపోయాక గుత్తి మొత్తం కనిపిస్తుంది: మధ్యలో తల్లి కాడ, దాని కొసన తెల్లటి వేళ్ల కుచ్చు, ఆ కుచ్చులోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ మూడో నాలుగో, ఒక్కోసారి అరడజను మొక్కలు. ప్రతి మొక్కకీ ఒక నడుమ ఉంటుంది, ఆకులన్నీ ఆ బిందువు నుంచే బయల్దేరతాయి. ఆ బిందువులు లెక్కపెట్టుకుని, టూత్‌పిక్‌తో వాటి మధ్య విడదియ్యి. రెండు బిందువులు ఒకే కుండీలో ఉంటే రెండూ గుబురై సరిగా పుయ్యవు. వేరు లేకుండా ఊడొచ్చిన పిల్లని పారెయ్యకు, డబ్బాలో పెడితే అదీ నిలదొక్కుకుంటుంది. తల్లి ఆకు ఇంకా గట్టిగా ఉంటే కాడ మళ్లీ కోసి నాటితే రెండో కాన్పు ఇస్తుంది.

పిల్లలకి అయిదు సెంటీమీటర్ల కుండీ చాలు. పెద్దది పెట్టావంటే వేరు అందుకోలేని చోట తడి నిలిచి మళ్లీ అదే కుళ్లు. నడుమ మిశ్రమానికి సమంగా ఉండాలి, పూడ్చకూడదు. వారంపాటు డబ్బాలో ఉంచి, తర్వాతి వారం రోజూ మూత కాస్త కాస్త ఎక్కువ తెరుస్తూ బయటికి అలవాటు చెయ్యి. అప్పుడు 19-19-19 ఎరువు గ్రాము నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి మొదలుపెట్టొచ్చు. నీళ్లు పళ్లెంలో పోసి కుండీని అరగంట నిలబెట్టి, మిగిలినవి పారబొయ్యి. ఆకుల కాడలు సాగిపోతుంటే వెలుతురు చాలడం లేదు. ఆకులు వెలిసి కుండీని కౌగిలించుకున్నట్టు కిందికి వంగితే ఎక్కువైంది.

ఒక మోసం గురించి చెప్పాలి. రేకు రేకుకీ మధ్యలో చక్రం ఆకుల్లా చార ఉండే పువ్వులు కొన్ని ఉంటాయి. వాటిని కైమెరా అంటారు, ధర ఎక్కువ. ఆ మొక్కలో రెండు రకాల కణజాలం పొరలు పొరలుగా ఉంటుంది. ఆకు నుంచి పుట్టే పిల్ల సాధారణంగా ఒక్క పొర కణాల నుంచే పుడుతుంది కాబట్టి చార పోయి ఒకే రంగు పూస్తుంది. దాన్ని పిలక ద్వారానో, పూకాడ ద్వారానో పెంచాలి. ఎవరైనా కైమెరా ఆకు అని అమ్మితే డబ్బు పెట్టకు. పసుపు అంచు సాన్సివేరియాకీ (స్నేక్ ప్లాంట్) ఇదే గతి, ఆకు ముక్క నుంచి పచ్చటి మొక్కే వస్తుంది. తెల్ల మచ్చల వయొలెట్ ఆకులతో ఇంకో చిక్కు: పిల్లలు పూర్తి తెల్లగా పుడితే వాటికి పత్రహరితం లేదు, పచ్చదనం రాకముందే తల్లి నుంచి విడదీస్తే చస్తాయి. వీలైనంత పచ్చగా ఉన్న ఆకే నాటు.

ఈ పద్ధతిలోనే రెక్స్ బెగోనియా వస్తుంది, దానికైతే ఆకు వెనక లావు ఈనెలకి గాట్లు పెట్టి మిశ్రమం మీద పరిచినా చాలు. స్ట్రెప్టోకార్పస్ ఆకుని అడ్డంగా ముక్కలు కోసి నిలబెట్టొచ్చు. వింత కాదులే, 2015లో శాస్త్రజ్ఞులు వయొలెట్‌ని కూడా దాని ప్రజాతిలోనే కలిపేశారు. కానీ హోయా తీగ ఆకు వేరు పట్టి కూడా ఏళ్ల తరబడి ఒంటి ఆకుగానే ఉండిపోతుంది. గులాబీ, మందారం, మల్లె ఆకుతో ప్రయత్నించొద్దు, వాటికి కణుపున్న కొమ్మ కావాలి.

ఇక వేసవి. 30 డిగ్రీలు దాటితే ఇది పెరగడం ఆపేస్తుంది, గోదావరి ఎండల్లో బతికి ఉండటమే గొప్ప. మార్చి నుంచి ఎరువు ఆపు, నీళ్లు తగ్గించు, ఇంట్లో చల్లటి గదిలో నేల మీద పెట్టు. రెండు పిల్లల్ని మాత్రం పడగ్గది ఏసీలో, గాలి నేరుగా కొట్టని మూల ఉంచు. మిగతావి పోయినా వాటి ఆకులతో మళ్లీ కార్తీకంలో మొదలుపెట్టొచ్చు. ఈ నవంబరులో నాటిన ఆకుకి పూలు మళ్లీ శీతాకాలంలోనే చూస్తావు, అంతకన్నా ముందు ఆశించకు.

మొక్క కొన్నాక పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి పంపు. ఏ ఆకు తియ్యాలో గుర్తుపెట్టి పంపుతాను. బాబాయికి నమస్కారాలు చెప్పు.

ఉంటాను,
నీ చిన్నది