స్క్విడ్ నాడి, నాన్న కాలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఇంకా జవాబు లేదేంటని తిట్టుకుంటూ ఉంటావు, క్షమించరా. ఇక్కడ అందరం బాగున్నాం, పాప పదో తరగతికి వచ్చింది, ఇంటికి రంగులు వేయించాం, పై వాటా ఇంకా ఖాళీగానే ఉంది. అంతే. అసలు సంగతి వేరే ఉంది. ఆదివారం నుంచి లోపల కుతకుతలాడుతోంది, చెబితే పూర్తిగా అర్థమయ్యేది నీకొక్కడికే.

ఆదివారం తెల్లారకముందే వంజరం కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. బోట్లు అప్పుడే వచ్చాయి. ఒకామె గంపలో స్క్విడ్‌లు, అదే ఆక్టోపస్ చుట్టాలు, ఉన్నాయి, ఇంకా మెరుస్తున్నాయి. వాటిని చూడగానే మన జువాలజీ ల్యాబ్, ఆ ఫార్మలిన్ వాసన, మన పొడుగు 'తంత్రికాక్షం' గాడు (నాడీకణం తోకలాంటి పొడుగు పోగు పేరే కదా వాడికి పెట్టాం, వాడు కనిపిస్తే ఇప్పటికీ అలాగే పిలువు) అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వంజరం సంగతి మర్చిపోయి అరకిలో స్క్విడ్ తెచ్చాను. మీ చెల్లెలు "ఇవెవరు వండుతారు?" అంది. వండటానికి కాదు, ముందు చూడాలి అన్నాను.

వంటింటి గట్టు మీద పళ్లెంలో పెట్టి, సంచిలాంటి దాని ఒంటిని కత్తెరతో నిలువునా కోసి తెరిచాను. లోపలి గోడకి, తల వైపు, చెరో పక్కన ఒక చిన్న తెల్ల చుక్క, దాన్నుంచి చుక్కల ముగ్గులో గీతల్లా దారాలు. వాటిలో ఒకటి మిగతా వాటికన్నా లావు. సూదితో మెల్లగా పైకెత్తాను. శీనూ, ఆ దారం లోపలే ఉంది మనం పుస్తకంలో గీసిన మహా తంత్రికాక్షం! పెద్ద స్క్విడ్‌లలో అది మిల్లీమీటరు దాకా లావుంటుంది. మన ఒంట్లో బాగా లావైనవి కూడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. 1936లో యంగ్ అనే ఆయన ఇది నాడే అని చూపించాడు. 1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఇంగ్లండులోని ప్లిమత్‌లో, అదీ మన విశాఖలాంటి రేవు ఊరే, దీని లోపలికి సన్నటి ఎలక్ట్రోడ్ దూర్చి విద్యుత్తు కొలిచారు. కొన్ని వారాలకే యుద్ధం వచ్చిపడింది. నాడిలో కబురు ఎలా పోతుందో ఆ పూర్తి లెక్క 1952లో గానీ బయటికి రాలేదు, 1963లో నోబెల్. అలాంటి దారం మా పళ్లెంలో ఉంది, నా చెయ్యి వణికింది.

పాప పక్కనే నిలబడి "ఇందులోంచి కరెంటు వైరులో పోయినట్టు పోతుందా?" అంది. కాదు. దానికి సింహాచలం క్యూ చెప్పాను, నీ చెప్పులు పోయిన ఏడాదిది, చందనోత్సవం నాటిది. ముందున్నవాడు "తలుపులు తీశారు" అని అరుస్తాడు, అది విని వెనకవాడు అరుస్తాడు, మనుషులు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు, కబురు మాత్రం కొండ దిగిపోతుంది. చివరివాడూ మొదటివాడంత గట్టిగానే అరుస్తాడు, కబురు దారిలో నీరసపడదు. నాడీ అంతే. ఊరికే ఉన్నప్పుడు లోపల బయటికన్నా ఓ 70 మిల్లీవోల్టులు తక్కువ. బయట సముద్రంలా సోడియం, లోపల పొటాషియం. ఒకచోట నాడి గోడలోని ద్వారాలు తెరుచుకోగానే సోడియం లోపలికి దూకుతుంది, వెంటనే పొటాషియం బయటికొచ్చి సర్దుతుంది, ఆ కుదుపుకి పక్క ద్వారాలు తెరుచుకుంటాయి. అరిచినవాడు కాసేపు ఊపిరి తీసుకోవాలి కదా, అందుకే కబురు వెనక్కి తిరగదు.

"మరి స్క్విడ్‌కి అంత లావు దేనికి?" అంది. దానికి మనలా నాడి చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు లేదమ్మా, ప్రమాదమొస్తే ఒళ్లంతా ఒక్కసారి ముడుచుకుని నీళ్లు చిమ్మి పారిపోవాలి, కబురు తొందరగా చేరాలంటే గొట్టం లావు చేసుకోవడమే దారి. అయినా సెకనుకు ఓ 25 మీటర్లే. మనకి తొడుగు ఉంది, మధ్యమధ్య తొడుగు లేని కణుపుల దగ్గరే అరుపు, అంటే క్యూలో పదిమందికొకడు అరిస్తే చాలన్నమాట, అందుకే అంత సన్నటి తీగలోనూ 100 మీటర్లు దాటుతుంది. మంట, నొప్పి తెచ్చే సన్నటి నాడులకు ఆ తొడుగు లేదు, అవి మీటరు, రెండు మీటర్లు, అంతే. గడపకి వేలు తగిలినప్పుడు ముందు దెబ్బ తెలిసి ఆ తర్వాత మంట పుడుతుందే, అదే ఇది.

ఇక్కడిదాకా సంతోషంగానే ఉందిరా. అప్పుడు పాప "మనలో అన్నిటికన్నా పొడుగు నాడి ఎక్కడుంటుంది?" అంది. నడుం దగ్గర్నుంచి కాలి వేలి దాకా అన్నాను. కుట్టుపెట్టెలోంచి టేపు తీసుకుని వరండాలో కూర్చున్న నాన్న దగ్గరికి పరిగెత్తింది. నడుం నుంచి బొటనవేలి దాకా కొలిచి "94 సెంటీమీటర్లు! ఇంత పొడుగూ ఒక్క కణమేనా తాతయ్యా?" అంది. నాన్న నవ్వారు. టేపు చివర బొటనవేలిని నొక్కి పట్టుకునే ఉంది, ఆయనకి ఆ సంగతి తెలియలేదు.

నీకు చెప్పలేదు కదూ. పోయిన నెల బీచ్ రోడ్డులో మధ్యాహ్నం నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు జారిపోయిందిరా, ఆయన చూసుకోలేదు. ఇంటికొచ్చాక పాదం బొబ్బలెక్కి ఉంది. "నొప్పి లేదురా" అన్నారు, నిజంగానే లేదు. డాక్టరుగారు నైలాన్ పోగుతో పాదంలో అక్కడక్కడా నొక్కి, తెలుస్తోందా అని అడుగుతుంటే నాన్న ప్రతిసారీ నా మొహం చూశారు. ఇరవయ్యేళ్ల షుగరు. అది ముందు పొడుగు నాడుల చివర్లనే తినేస్తుందట, అందుకే వేళ్లతో మొదలై పైకి వస్తుంది. ఆ 94 సెంటీమీటర్ల చివర క్యూలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే గొంతు పోగొట్టుకుంటున్నారు, శీనూ. ఇప్పుడు రోజూ రాత్రి ఆయన పాదాలు నేనే చూస్తున్నాను, అరికాలికి అద్దం పెట్టి, వేళ్ల సందులు తుడిచి. మొదట్లో సిగ్గుపడి కాళ్లు లాక్కునేవారు, ఇప్పుడు ఆయనే కాలు చాపుతున్నారు. మా నాన్న, మనిద్దర్నీ సైకిలు మీద భీమిలి దాకా తొక్కుకుంటూ తీసుకెళ్లినాయన...

ఇంకా సినాప్స్ దగ్గరికే రాలేదు, ఒక నాడి చివర, ఇంకో నాడి మొదలు, మధ్యలో 20, 30 నానోమీటర్ల ఖాళీ, ఆ ఖాళీ దగ్గర కబురు మందుచుక్కలా మారి దాటుతుంది, దాని గురించి పాప అడిగింది వింటే నువ్వు... డ్యూటీ బస్సు హారన్ కొడుతోంది, మిగతాది రేపు రాస్తా. నాన్నకి ఫోన్ చెయ్యి, నీ గొంతు వింటే

నీ
రాము