కీమో వాంతులు: రాకముందే ఆపే పనిలో ఒక ఏడాది (వార్షిక నివేదిక 2024-25)

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక్క కొత్త పనే తలకెత్తుకున్నాం. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి కీమో (క్యాన్సర్ మందులు ఎక్కించే చికిత్స) కోసం వచ్చి, లక్డీకాపూల్ చుట్టుపక్కల అద్దె గదుల్లో దిగే పెద్దవాళ్లకు వాంతుల బాధ తగ్గేలా తోడుండడం ఆ పని. దుప్పట్ల పంపిణీ ఎప్పటిలాగే జరిగింది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. ఇక్కడ చెప్పేదంతా మాత్రల గురించి, వంట గురించి.

మొదటి నెలలోనే మన కళ్లు తెరిపించినావిడ నల్గొండ వైపు నుంచి వచ్చారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన మర్నాడు ఆమె రెండు ఇడ్లీలు తిని, కబుర్లు చెప్పారు. మూడో రోజు తెల్లవారుజామున మొదలైన వాంతులు పొద్దుగూకే దాకా ఆగలేదు. మన కార్యకర్త వెళ్లి మందులేవని అడిగితే కొంగుముడి విప్పి మాత్రల షీటు చేతిలో పెట్టారు. ఒక్క మాత్రా తీయలేదు. "వాంతి వస్తే వేసుకుందామని దాచుకున్నానమ్మా, బాగున్నప్పుడు ఊరికే మింగడం ఎందుకు?" అన్నారు.

ఆ తరువాత ఎన్ని గదులకు వెళ్లినా ఇదే మాట వినిపించింది. కీమోకు ముందు ఆసుపత్రిలో ఇచ్చే ఇంజెక్షన్ ప్రధానంగా మొదటి రోజును కాపాడుతుంది. కీమో మందు తగలగానే పేగుల్లోని కణాలు సెరటోనిన్‌ను విడుదల చేస్తాయి, ఆ కబురు నరం ద్వారా మెదడుకు చేరుతుంది. ఆన్‌డాన్‌సెట్రాన్, గ్రానిసెట్రాన్ వంటి వాంతుల మందులు అడ్డుకునేది దాన్నే. ఒక రోజు గడిచాక మొదలై అయిదో రోజు దాకా ఉండే రెండో విడత వాంతులకు దారి వేరు. మెదడులో పనిచేసే 'సబ్‌స్టెన్స్ పి' అనే పదార్థానిది అందులో పెద్ద చేయి. అందుకే అప్రెపిటెంట్, డెక్సామెథసోన్, ఒలాంజపైన్ వంటివి జతచేసి, తరువాతి రోజులకూ రాస్తారు. వాంతి మొదలయ్యాక మాత్ర వేస్తే అది కడుపులో నిలవడమే కష్టం.

ఇంకో ప్రశ్న రోజూ ఎదురయ్యేది: "పక్క మంచం ఆయనకు ఒక్క మాత్ర, నాకు ఇన్నెందుకు?" అది ఎక్కించే కీమో మందును బట్టి ఉంటుంది. ముందుజాగ్రత్త మందులు లేకపోతే సిస్‌ప్లాటిన్ వందలో 90 మందికి పైగా వాంతులు తెప్పిస్తుంది. విన్‌క్రిస్టీన్ అనే మరో కీమో మందుతో పదిమందికి కూడా రావు. మనిషిని బట్టీ తేడా ఉంటుంది. ఆడవాళ్లకు, వయసులో చిన్నవాళ్లకు, బస్సెక్కితే కడుపు తిప్పేవాళ్లకు, వేవిళ్లతో బాగా బాధపడినవాళ్లకు ముప్పు ఎక్కువ. బస్సు సంగతి, వేవిళ్ల సంగతి వైద్యులకు ముందే చెప్పమని మనవాళ్లు ఇప్పుడు అందరికీ గుర్తుచేస్తున్నారు.

ఒలాంజపైన్ దగ్గర చిక్కు వచ్చింది. ఒక అబ్బాయి ఫోన్లో ఆ పేరు వెతికి, "మా నాన్నకు పిచ్చి మందు రాశారు" అంటూ షీటు దాచేశాడు. అది మానసిక వ్యాధులకూ వాడే మందే, అబద్ధం కాదు. కానీ వికారాన్ని తగ్గించడంలో దాని పనితనం రుజువైంది. దానితో వచ్చే మగతే ఇబ్బంది. కీమో రోగులకు 10 మిల్లీగ్రాముల బదులు 2.5 ఇచ్చినా వాంతుల అదుపు తగ్గదని, పగటి మగత తగ్గుతుందని ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2024లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. అబ్బాయిని తండ్రితో పాటు వైద్యురాలి దగ్గరకే పంపాం. మోతాదు మాట మనం మాట్లాడకూడదు. ఆ గీత ఈ ఏడాది ఎవరూ దాటలేదు.

మన తప్పు ఒకటి రాయాలి. ఉగాదికి ఘుమఘుమలాడే పులిహోర తీసుకెళ్లాం. ఇంగువ తాలింపు వాసనకు సగం మంది కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకున్నారు, ఒకాయన లేచి బయటికి నడిచారు. వండినవాళ్ల ముఖాలు చూడాలి! అప్పటి నుంచి చల్లారిన ఇడ్లీ, పెరుగన్నం, పల్చటి మజ్జిగ కొద్దికొద్దిగా, నాలుగైదు సార్లు ఇస్తున్నాం. అల్లం మురబ్బా అడిగినవాళ్లకు కాదనలేదు. అల్లం మీద జరిగిన పరీక్షల ఫలితాలు ఒక తీరుగా లేవు కాబట్టి, మాత్రకు బదులు మాత్రం కాదని చెప్పే ఇచ్చాం.

మొదటి కీమోలో బాగా వాంతులైనవాళ్లలో కొందరికి ఆటో ఆసుపత్రి సందు తిరగగానే కడుపులో తిప్పడం చూశాం. మందు ఎక్కకముందే వచ్చే ఈ వికారానికి తరువాత చేయగలిగేది తక్కువ. మొదటి కీమో నుంచే వాంతి రానివ్వకపోవడం మేలు.

అందుకని ఒక చీటీ అచ్చు వేయించాం. రోజుకొక గడి, మాత్రకొక సూర్యుడో చంద్రుడో బొమ్మ, వేసుకున్నాక టిక్కు. నిద్ర చెడగొట్టే డెక్సామెథసోన్‌కు, వైద్యులు పొద్దున వేసుకోమన్నచోట, సూర్యుడు. షుగరు ఉన్నవాళ్ల చీటీ మీద ఎర్ర గీత, ఆ మాత్ర షుగరు పెంచుతుంది కనుక. వెనక పెద్ద అక్షరాలు: నీళ్లు కూడా నిలవకపోయినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో వచ్చే మలబద్ధకం మాట మొదటి అచ్చులో మరిచిపోయాం, రెండో అచ్చులో చేర్చాం.

చీటీ కన్నా మేలు చేసింది మూడో రోజు సాయంత్రం ఫోను. "మాత్ర వేసుకున్నారా?" అని మాత్రమే అడుగుతాం. చేసేది ఇప్పుడు ఇద్దరే, వారిలో ఒకరు వేసవిలో కూతురి దగ్గరకు వెళ్తున్నారు. సాయంత్రం నాలుగు తరువాత అరగంట ఇవ్వగలవారు సమావేశం ముగిసేలోగా కార్యదర్శి దగ్గర పేరు రాయించండి.